పడుగులో పడిన రైలు గార్డు

ఒక్క మనిషి, ఒక్క పొద్దుటిపూట, ఒక వీధినంతా ఏడిపించగలడా అని మీకు అనుమానముంటే నన్నడగండి. నేను ఏడిపించాను. అదీ ఆరోగ్యం కోసం!

రైలు గార్డుగా పింఛను పుచ్చుకుని, బద్వేలు దగ్గర మా సొంతూరు చేరాను. బేతంచెర్ల బండలు మోసే గూడ్సులను జెండా ఊపి నడిపించినవాడికి, ఊపడానికి విసనకర్ర మిగిలింది. తిన్నాను, పడుకున్నాను. నా పొట్ట నాకంటే ముందే గడప దాటసాగింది.

"ఏమయ్యా, ఆ మంచం నిన్ను మోయలేక ఏడుస్తాండాది. లేసి కొంచెం తిరగరాదా?" అంది మా ఆవిడ నాగమ్మ.

ఆమె చెప్పింది నడవమని. నాకు తోచింది సైకిలు! బావమరిది సైకిలెక్కి వీధి మలుపు తిరిగానో లేదో, పల్లం వచ్చింది.

"బావా, బ్రేకు పట్టుకో!" వెనకనుంచి అరిచాడు బావమరిది.

"గార్డుకే బ్రేకు నేర్పుతావా?" అన్నాను ఠీవిగా. అది యాడుందో నాకు తెలిస్తే గదా!

పల్లం చివర నేతగాళ్ల వీధి. ఓబన్న, లక్ష్మమ్మ దంపతులు మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతున్నారు.

"జరగండి! జరగండి!"

"మేం జరుగుతాం గానీ, పడుగెట్ల జరుగుతాదప్పా!" అని కేకవేశాడు ఓబన్న.

మరుక్షణం పోగులు పటపటా తెగాయి, నేను వలలో చేపను. మీసాల నిండా గంజి. జనం పగలబడి నవ్వారు. లక్ష్మమ్మ మాత్రం నేలమీద కూలబడింది.

"శివరాత్రికి మహానంది తిరునాళ్లలో అమ్మాల్సిన చీరలు! ఇంక యాడ నేస్తాం?"

నవ్వులు ఆగిపోయాయి. మీసాల గంజి తుడుచుకుంటూ లేచాను.

"పోగులు నేను అతుకుతా," అన్నాను.

"నీకొచ్చునా?" అన్నాడు ఓబన్న.

"రాదు. నేర్పు."

మొదట్లో నా వేళ్లు దారాన్ని అతికినదానికంటే తెంపిందే ఎక్కువ. "శానా మొద్దువప్పా!" అని తిడుతూనే నేర్పాడు ఓబన్న. అతకడం అయ్యాక కుంచె చేతికిచ్చాడు. పడుగు పక్కనే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను, నడిచాను. ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది, పొట్ట పంచెలోకి సర్దుకుంది. తిరునాళ్లలో చీరలన్నీ ఇట్టే అమ్ముడుపోయాయి.

"గార్డప్పా, రేపు ఇంకో పడుగుండాది. వస్తావా?" అన్నాడు ఓబన్న.

రైల్వేలో ఏ దొర నన్ను మెచ్చుకున్నా ఛాతీ అంత ఉబ్బలేదు. మర్నాడు "పొద్దున్నే యాడికి పోతాండావు?" అని నాగమ్మ అడిగితే, "డ్యూటీకి!" అన్నాను.

కొన్నేళ్లకు, కొత్తగా పింఛను తీసుకున్న ఒక బడిపంతులు నా ఆరోగ్య రహస్యం అడిగాడు. మొదటినుంచి చివరిదాకా గర్వంగా చెప్పాను. మర్నాడు పొద్దున్నే సైకిలు నడిపించుకుంటూ మా వీధికొచ్చి, ఎంతో వినయంగా చేతులు జోడించాడు.

"ఏమప్పా, నేను ఎవరి పడుగు మీద పడాల?"

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఈ జన్మలో సైకిలెక్కను. ఎక్కబోయేవాడికి ఆరోగ్యం గురించి ఒక్క ముక్క చెప్పను!