చిన్నాయన జర్మనీ బిళ్లలు

మా చిన్నాయన పోయాడని పామిడి నుంచి తమలపాకులు తెచ్చే ఆయన రాప్తాడులో మా గడప ముందు నిలబడి చెప్పాడు. నేను నమ్మలేదు. మొన్ననే వచ్చి, నా కాఫీ కషాయంలా ఉందని తిట్టి, రెండు గ్లాసులు తాగి వెళ్లిన మనిషి. చెప్పాపెట్టకుండా ఎలా పోతాడు?

రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికా ఎడారి దాకా వెళ్లొచ్చిన సిపాయి ఆయన. తోటివాళ్లు గడియారాలూ కంబళ్లూ తెచ్చుకుంటే, ఈయన సిగరెట్లిచ్చి, పట్టుబడిన ఒక జర్మన్ అధికారి దగ్గర రెండు పతకాలు తెచ్చుకున్నాడు. రెండూ శిలువ ఆకారమే, రెండింటికీ నల్లటి పెట్టెలు. మొదటి యుద్ధం దాని మీద కిరీటం, 1914. రెండో యుద్ధం దాని మీద స్వస్తిక్, 1939. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు ఆ పెట్టెలొచ్చేవి. అయస్కాంతం ఆనించి, నడుమ ఇనుము, అంచు వెండి అని పాఠం చెప్పేవాడు. వచ్చినవాళ్లు పాపం దాహంతోనే తలూపేవాళ్లు.

స్వస్తిక్ ఉన్నదాన్ని చిన్నమ్మ దేవుని గూట్లో పెట్టేసింది. శుక్రవారం ఆమె కుంకుమ పెట్టేది, శనివారం ఈయన వేపపుల్లతో గీకేవాడు. అది మన దేవుడిది కాదని చెప్పీ చెప్పీ ఆయన గొంతు పోయింది. "దేవుని గుర్తు ఉండేదాన్ని గూట్లో గాక యాడ పెట్టల్ల?" అనేది ఆమె.

ఆయన ప్రాణమంతా పాతదాని మీదే. అనంతపురంలో ఒక నగల వ్యాపారి దాన్ని తిప్పి చూసి నకిలీదని తేల్చేశాడు. అంతే, చిన్నాయనకు అన్నం సహించలేదు. పోల్చి చూద్దామంటే అలాంటిది మన జిల్లాలో ఇంకొకటి ఏది? శనక్కాయలైతే బస్తాలకు బస్తాలు దొరుకుతాయి. నిజం తెలియకుండానే పోతానేమోనని నా దగ్గర ఎన్నోసార్లు బాధపడ్డాడు.

నిరుడు కరువుకు బోర్లు వేయడానికి గుమ్మఘట్టకు ఒక జర్మన్ ఇంజనీరు వచ్చాడని తెలిసింది. చిన్నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గూట్లో పెట్టె కూడా లాక్కుని, నన్ను తోడు తీసుకుని బయల్దేరాడు. బోరు మిషను దుమ్ములో నిలబడి, ఆత్రంలో మొదట స్వస్తిక్‌దే తెరిచాడు. దాని నిండా కుంకుమ, పైన వాడిన కనకాంబరం. దొర ముఖం మాడిపోయింది, వెనక్కి జరిగాడు. "మై వైఫ్ సార్, మై వైఫ్" అంటూ చిన్నాయన దబుక్కున మూసేశాడు. మీరూ నవ్వుకోండి, ఫర్వాలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రెండో పెట్టె తెరిచాక దొర చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. శిలువను తీసి, వెనక పిన్ను చూసి, మళ్లీ పెట్టెలోని గాడిలో పెట్టి నొక్కాడు. అది కదలకుండా కూర్చుంది. అసలుదేనని, తన తండ్రికీ ఇలాంటిదే ఉండేదని, బాంబులు పడి ఇల్లు కూలినప్పుడు తండ్రితోపాటు అదీ పోయిందని నిదానంగా ఇంగ్లీషులో చెప్పాడు.

చిన్నాయన పెట్టె మూసి దొర చేతిలోనే పెట్టేశాడు. నేను జబ్బ గిల్లాను. ఇన్నేళ్లు ప్రాణంగా దాచుకున్నది అట్లా ఇచ్చేస్తారా అని గొణిగాను.

"అసలుదని తెలిసిపాయ గదమ్మా. ఇంగ ఆయప్పదే అది" అన్నాడు.

తిరుగు బస్సెక్కగానే కుంకుమ పెట్టెను నా సంచిలో పడేశాడు. అంత మొండి మనిషిలో ఇంత మెత్తదనం ఎక్కడ దాగిందోనని నాకు ఏడుపొచ్చింది, ఇప్పుడూ వస్తోంది. బస్సు గుంతల్లో పడి ఎగిరినప్పుడల్లా, ఆయన ఒళ్లో ఖాళీగా ఉన్న రెండు అరచేతులూ ఏదో జారిపోతుందన్నట్టు దగ్గరికి ముడుచుకునేవి.