ముప్పాళ్ళ గాలిలో విషం కనిపెట్టిన రోజు

ఒక ఊరు ఊరంతా పొద్దున్నే ముక్కులకు కండువాలూ కొంగులూ చుట్టుకుని తిరిగేలా చేసిన ఘనత నాది. ఆ ఊరికి వరద రాలేదు, నిప్పు అంటుకోలేదు. నేను వెళ్ళానంతే. ఇప్పుడు తల్చుకుంటే నాకూ నవ్వొస్తుంది కానీ, ఆ రోజు నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు నేను పరిశోధన చేసే కుర్రాణ్ణి. గాలిలో అమైన్లనే నత్రజని పదార్థాలు ఎంతెంత ఉన్నాయో కొలవడం నా పని. పశువుల కొట్టాల్లోంచి, పేడదిబ్బల్లోంచి, కోళ్ళ షెడ్లలోంచి అవి గాలిలో కలుస్తుంటాయి. ఎంత తక్కువగా ఉంటాయంటే, లక్ష కోట్ల గాలి అణువుల్లో ఏ నాలుగో ఐదో కనబడితే మాకు పండగ. కోటప్పకొండ తిరునాళ్ళలో తప్పిపోయిన చీమను వెతికిపెట్టే ఉద్యోగం అనుకోండి.

ముప్పాళ్ళ దగ్గర ఒక పల్లెలో, వెంకటేశ్వర్లు అనే రైతు మేడ మీద మా యంత్రం పెట్టాం. ఊళ్ళో ఆయన మాటకు విలువుంది. నేను మొదటిరోజే ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్య సుబ్బాయమ్మను పిన్ని అనీ పిలిచి, వాళ్ళింట్లో అన్నానికి కుదురుకున్నాను. యంత్రంలోంచి ఒక గొట్టం బయటికొచ్చి గాలి పీలుస్తుంది. దాని మూతికి ఎండా వానా తగలకుండా, చుట్టూ సందులున్న చెక్కపెట్టె ఒకటి ఎత్తుగా బిగించాం. దాన్ని అప్పుడప్పుడూ విప్పి తుడవాలని మా సారు చెప్పి పంపాడు. నిచ్చెన ఎక్కడమంటే నాకు బద్ధకం.

ఒకరోజు పొద్దున లాప్‌టాప్ తెరిచి చూస్తే, రోజూ నేలమీద పాకే గీత కొండెక్కి కూర్చుంది. ట్రైమిథైల్ అమైన్ అనే రకం గీత అది. నాలుగో ఐదో ఉండాల్సినచోట వేలకు వేలు. చేతిలో కాఫీ గ్లాసు ఎప్పుడు ఒరిగిపోయిందో తెలీదు, ప్యాంటు కాలుతుంటే తెలిసింది. ఆ పదార్థానికి చేపల కంపు ఉంటుందని పుస్తకంలో చదివాను. మేడ మీద గట్టిగా వాసన చూశాను. నిజంగానే చేపల కంపు. యంత్రమూ ముక్కూ ఒకే మాట చెబుతుంటే ఇంకేం కావాలి?

వెంటనే సారుకి ఫోన్ చేశాను. పెట్టె విప్పి చూశావా అని అడిగాడాయన. అంతా శుభ్రంగా ఉంది సార్ అన్నాను, నిచ్చెన వైపు చూడకుండా. అయినా ఇంకోసారి చూడు, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు అని ఆయన పెట్టేశాడు.

నేను కిందికి దిగి బాబాయ్‌కి చెప్పాను.

"ప్రమాదమా?" అన్నాడు బాబాయ్.

"ఈ లెక్కన ఉంటే ఏం చెప్పలేం బాబాయ్."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న, ఇది ఎక్కణ్ణుంచి వస్తుందని. కోళ్ళ షెడ్ల నుంచి రావొచ్చని చెప్పాను. అది పుస్తకంలో మాటే. కానీ ఆ ఊరికి ఉన్నది ఒకటే షెడ్డు, మస్తాన్ భాయ్‌ది. ఆయన అప్పటిదాకా మెకానిక్ పని చేసి, ఉన్నదంతా పెట్టి ఆ షెడ్డు వేసుకున్నాడు.

నా మాట నేను బట్టలు మార్చుకునేలోపే ఊరంతా తిరిగింది. తిరిగేటప్పుడు బాగా లావెక్కింది కూడా. పిల్లల్ని ఆటోలెక్కించి సత్తెనపల్లి చుట్టాలిళ్ళకు పంపుతున్నారు. ఒకాయన గేదెలకు కూడా గుడ్డలు కట్టబోయాడు. బాబాయ్ ముందు నడుస్తుంటే జనం షెడ్డు మీదికి బయల్దేరారు, ఇవాళే తాళం వేయించాలని. వద్దండీ, ఇంకా ఖాయం కాలేదండీ అంటూ వెనకాల పరుగెత్తాను. సైన్సాయన కూడా మనతోనే ఉన్నాడని చెప్పుకుని వాళ్ళు ఇంకా జోరుగా నడిచారు.

మస్తాన్ భాయ్ గేటు తీసి నిలబడ్డాడు. నన్ను మాత్రం లోపలికి రమ్మన్నాడు. షెడ్డంతా ఖాళీ. కోళ్ళను అమ్మేసి, కడిగి, సున్నం కొట్టి, కొత్త కోడిపిల్లల కోసం ఎదురుచూస్తున్నాడు. లోపల సున్నం వాసన తప్ప ఏమీ లేదు.

బయటికొచ్చి, షెడ్డు ఖాళీ అని జనానికి చెప్పాను. యంత్రమే తప్పు చెప్పిందేమో, వెళ్ళి చూస్తానని గొణిగాను. దాంతో జనమంతా ఇటు తిరిగి, మస్తాన్ భాయ్‌తో సహా బాబాయ్ మేడెక్కారు. అందరి ముందూ నిచ్చెనెక్కి, చెక్కపెట్టె అడుగు చెక్క మరలు విప్పాను.

చెక్క ఊడింది. దాంతోపాటు, దారానికి గుచ్చిన ఉప్పు చేపల దండ ఒకటి వచ్చి నా మెళ్ళో పడింది.

గోల విని పైకొచ్చిన పిన్ని జనాన్ని నెట్టుకుని ముందుకొచ్చింది.

"ఏందయ్యా ఇయ్యి?" అంది సుబ్బాయమ్మ పిన్ని, నన్ను కాదు, బాబాయ్‌ని.

"యంత్రానికి కావాల్సినయ్యేమోనే," అన్నాడు బాబాయ్.

అందరూ నా వైపు చూశారు. నిచ్చెన మీద, మెళ్ళో దండతో, యంత్రానికి చేపలెందుకని తల అడ్డంగా ఊపాను. పిన్నికి ఆ జవాబు చాలు. బాబాయ్‌కి బీపీ. ఉప్పు చేప ముట్టొద్దని డాక్టరు చెప్పాక, పిన్ని ఇల్లంతా గాలించి పారేయించిందట. పెట్టెలోకి గాలి బాగా ఆడుతుంది, పిల్లి దూరలేదు, పిన్ని నిచ్చెన ఎక్కదు. ముందురోజు రాత్రి ఆయన అన్నీ చూసుకునే అందులో దాచిపెట్టాడు. అంతా చూసుకున్న మనిషి, ఊరిని వెంటబెట్టుకుని షెడ్డు మీదికి వెళ్ళినప్పుడు మాత్రం నిజంగా విషవాయువనే నమ్మాడు. నేను చెప్పానుగా మరి.

పిన్ని నా వైపు తిరిగింది. "నీకు చేపల వాసన తెలవలా నాయనా?"

"తెలిసింది పిన్నీ. అందుకే కోళ్ళ షెడ్డనుకున్నా."

ముందు నవ్వింది పిన్నే. తర్వాత మేడ కదిలిపోయేలా అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వబోయి, పిన్ని మొహం చూసి మానుకున్నాడు.

సాయంత్రం మస్తాన్ భాయ్ దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆయన టీ తెప్పించాడు. "షెడ్డు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. అదే కోళ్ళుంటే, నా మాట చానామంది వినేవాళ్ళు కాదు బాబూ," అన్నాడు.

సారుకి మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, ఇన్నాళ్ళకు మన యంత్రం బాగా పనిచేస్తుందని తేలింది, మనిషినే మార్చాలి అన్నాడు.

అందుకని పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊళ్ళో ఏ అంకె చూసినా, అది ఖాయమయ్యేదాకా నోరు తెరవను. గాలి పీల్చుకోవడమైనా సరే, ముక్కుతోనే.