మౌనం పాటించిన తరువాత

లైసెన్సు తీసుకుని సొంత రేడియోల్లో మాట్లాడుకునే మా హ్యామ్ రేడియో వాళ్లకు ఒక పద్ధతి ఉంది. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదికి అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వస్తాం. నిర్వాహకుడు ఒక్కొక్కరి కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన గుర్తు పేరు, పిలుస్తాడు, పిలిచినవాళ్లు పలుకుతారు. ముఖాలు ఏడాదికోసారి మీటింగులో చూసుకుంటాం. మిగతా రోజులంతా గొంతులే.

బోగోలు ఊళ్లో ఉండే మా సార్ ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. గొంతు క్యాన్సర్ వస్తే చెన్నైలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేసి, ఊపిరి కోసం మెడలో రంధ్రం పెట్టారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. అప్పటి నుంచి ఆదివారాలు రేడియో పెట్టుకుని వింటారు, పలకరు. కొన్ని నెలలు పలకకపోయేసరికి నిర్వాహకుడు ఒక ఆదివారం గొంతు తగ్గించి, సార్ పోయారని తెలిసిందన్నాడు. ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు. ఇంటికి ఫోన్ చేసి కనుక్కుందామని ఎవరికీ తోచలేదు. మాలో రేడియోలో పలకకపోవడమే పెద్ద సాక్ష్యం.

గూడూరులో మా ఇంట్లో నేను మైకు అందుకున్నాను. బటన్ నొక్కేలోపే ఫోన్‌కు సార్ మెసేజ్ వచ్చింది: "చెప్పబాక. నేనే చెప్తా."

ముందు నవ్వొచ్చింది, తరువాత నవ్వినందుకు సిగ్గేసింది. గొంతు లేని మనిషి రేడియోలో ఎలా చెప్తాడు? మోర్స్ కొడితే ఎవరు కొట్టారో తెలియదు. మిగిలింది ఒకటే దారి, ఫొటో పంపడం. కంప్యూటర్ ఫొటోను సన్నటి కూతలుగా మారుస్తుంది. ఆ కూతలు రేడియోలో వదిలితే, వినేవాళ్ల ఫోన్లలోని యాప్ వాటిని మళ్లీ గీత గీతగా ఫొటో చేస్తుంది. సార్ తన ఫొటో నా ఫోన్‌కు పంపారు. అందులో మెడ కనిపించేలా చొక్కా పై గుండీలు తీసి, కాల్‌సైన్, "బతికే ఉండా" అని రాసిన అట్ట పట్టుకున్నారు. ఆ పని చేసే కంప్యూటర్ మా ఇంట్లో ఉంది, సార్ రేడియో బోగోలులో ఉంది. నా రేడియో నుంచి పంపితే నేను చెప్పినట్టవుతుంది. కాబట్టి శబ్దాన్ని రికార్డు చేసి ఫోన్‌లో తీసుకుపోవాలి.

నేను బద్ధకించాను. కంప్యూటర్ స్పీకర్ పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేశాను. పొయ్యి మీద పప్పు కుక్కర్ పెట్టింది కూడా నేనే. మధ్యలో అది రెండుసార్లు కూసింది. ఏం కాదులే అనుకున్నాను.

మరుసటి ఆదివారం సార్ ఇంట్లో ఆ రికార్డు వదిలాం. కుక్కర్ కూసిన చోటల్లా ఫొటోలో తెల్లటి పట్టీ పడింది. అది సరిగ్గా సార్ ముఖం మీదా మెడ మీదా పడింది. అట్ట మాత్రం శుభ్రంగా కనిపించింది.

"పోయినాయన కాల్‌సైన్‌తో ఆటలాడతా ఉండారు ఎవురో. సిగ్గుండాల," అన్నాడు నిర్వాహకుడు.

సార్ రేడియో కట్టేశారు. ఆయన భార్య నాకు టీ ఇచ్చి, "మళ్లీ ఇంకోసారి చూడండయ్యా. ఆ ఫొటో దిగే ముందు రాత్రంతా గెడ్డం గీసుకోవాల్నా వద్దా అని ఒకటే ఇదైనాడు," అంది. నన్ను నేను తిట్టుకుంటూ రైలెక్కాను.

ఆ వారం కంప్యూటర్ శబ్దాన్ని కంప్యూటర్ లోపలే రికార్డు చేయడం నేర్చుకున్నాను. అందులో మైకుకు పని లేదు కాబట్టి గదిలో ఏం మోగినా పడదు. మెసేజ్‌ల టింగులు కూడా ఆపేశాను. సార్ మీసం స్పష్టంగా వచ్చేదాకా వదల్లేదు.

మూడో ఆదివారం ఫోన్‌ను వైరుతో రేడియోకు కలిపాను. రెండు నిమిషాల పాటు కూతలు వెళ్లాయి. సార్ మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నారు.

"సార్... మీరేనా?" అన్నాడు కూతలు ఆగాక నిర్వాహకుడు. "ఆ మెడకేమైనాది సార్?"

జవాబు చెప్పడానికి నేను మైకు తీసుకోబోయాను. సార్ నా చేతిని పక్కకు నెట్టి, మైకును నోటి దగ్గర కాకుండా మెడలోని రంధ్రం దగ్గర పెట్టుకున్నారు. బటన్ నొక్కి ఊపిరి వదిలారు. ఉస్సుమని గాలి, అంతే.

"విన్నాం సార్," అన్నాడు నిర్వాహకుడు. "ఫైవ్ నైన్."

గట్టిగా, స్పష్టంగా వినిపించిన గొంతుకు మేమిచ్చే మార్కు అది. నాకు ఏడుపొచ్చింది. సార్ లాగ్ పుస్తకం తెరిచి, టైము వేసి, పక్కన 59 అని రాసుకున్నారు.