నేను పోస్ట్ చేయని కథ

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. ఎవరైనా అలాంటివి చెబితే, ఆ రోజు ఏం తిన్నావని అడిగే రకాన్ని. ఇప్పటికీ నమ్మను. ఇది మాత్రం నాకే జరిగింది కాబట్టి సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో సన్నీవేల్‌లో ఇంజనీర్‌గా పనిచేసేవాణ్ణి. అక్కడి తెలుగువాళ్లం ఏటా ఉగాదికి ఒక పత్రిక తెచ్చేవాళ్లం. తెలుగు టైప్‌రైటర్ ఎవరి దగ్గరా లేదు. అందరి రచనలనూ సరోజగారు తన గుండ్రని అక్షరాలతో తిరగరాసేవారు. వాటిని జిరాక్స్ తీసి పోస్ట్‌లో పంచేవాళ్లం.

ఇండియాలో ఉండగా నా కథలు నాలుగు అచ్చయ్యాయి. ఆ పుణ్యాన ఇక్కడ నన్ను రచయితగారూ అని పిలిచేవాళ్లు. నిజానికి అమెరికా వచ్చిన కొత్తలోనే నా రాత ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో నాకు తెలుసు. అప్పట్లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన రాఘవా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం వాడు ఆఫీస్‌లో ఉండగా టెలిగ్రామ్ వచ్చింది. వాళ్లమ్మ పోయింది, దహనం కూడా అయిపోయింది. మర్నాడు నాకు జాబ్ ఇంటర్వ్యూ. నాకు డ్రైవింగ్ రాదు, రాఘవే తీసుకెళ్లాలి. టెలిగ్రామ్‌ను వంటింటి సొరుగులో గరిటెల కింద దాచాను. ఇంటర్వ్యూ అయ్యాక, ఇప్పుడే వచ్చిందని చెప్పి వాడి చేతికిచ్చాను. ఉద్యోగం వచ్చింది. తర్వాత ఏ కథ మొదలుపెట్టినా నాలుగో వాక్యానికల్లా ఆ సొరుగే గుర్తొచ్చి కలం ఆగిపోయేది.

ఒక ఏడు ఉగాది సంచికకు సరోజగారు కథ కోసం మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి, పోస్ట్ చేసేశానండీ అని అబద్ధమాడాను.

వారం తర్వాత మళ్లీ ఆవిడే ఫోన్.

"కథ అందిందండీ, చాలా బాగుంది. రాఘవ అన్న పేరు అలాగే ఉంచెయ్యనా?"

నేను రాయలేదందామంటే, పంపానని చెప్పింది నేనే. వచ్చి చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

శనివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. పసుపు కాగితాలు పదకొండు. దస్తూరీ నాదే, కొట్టివేతలూ నావే. కవర్ మీద సన్నీవేల్ పోస్టాఫీసు ముద్ర ఉంది. టెలిగ్రామ్ సంగతంతా, గరిటెలతో సహా, అందులో ఉంది. నేను ఏ ప్రాణికీ చెప్పని సంగతి. చివర్లో ఒక్కటి మాత్రం కల్పన అనుకున్నాను. కథలో, ఇంటర్వ్యూ రోజు పొద్దున రాఘవ చెంచా కోసం సొరుగు తెరిచి టెలిగ్రామ్ చదువుతాడు. మళ్లీ ఉన్నచోటే పెట్టేసి, వెళ్లి కార్ స్టార్ట్ చేస్తాడు.

మీరే రాసి మర్చిపోయుంటారని మా ఆవిడ అంది. కావచ్చు. కానీ ఇంట్లో నా పసుపు ప్యాడ్‌లో ఒక్క కాగితమూ చింపినట్టు లేదు.

నిజానికి ఆ కాగితాలు వెనక్కి తెచ్చుకుందామనే వెళ్లాను. చదివాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంకెన్నాళ్లు దాస్తానని, పేరు అలాగే ఉంచమన్నాను. రాఘవ అప్పటికి నార్త్ కరొలైనాలో ఉంటున్నాడు. పత్రిక రాగానే వాడి కాపీ నేనే పోస్ట్ చేశాను. ఆ మధ్యాహ్నమే కూర్చుని కొత్త కథ మొదలుపెట్టాను. నాలుగో వాక్యం దాటింది.

తర్వాతి ఆదివారం రాఘవ ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"ఇండియాకు పోయినా అమ్మను చూడలేనని తెల్సు. నీకన్న ఉద్యోగం రానియ్యి అనుకున్న," అన్నాడు. "సొరుగు తెరిచిన సంగతి నా భార్యకు గూడ చెప్పలె. నీకెట్ల తెల్సిందిరా?"

తెలియదన్నాను. వాడు నమ్మలేదు. ఆ పొద్దున వాడు టెలిగ్రామ్ చదవడం నేను వెనకనుంచి చూశాననీ, చూసి కూడా ఏమీ ఎరగనట్టు వచ్చి కార్లో కూర్చున్నాననీ ఇప్పటికీ అనుకుంటున్నాడు.

కాదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.