పోశం మామ రాసిన మాట

మధ్యాహ్నం బండిలో వదిలేసిన ట్యాబ్‌ని చేతిలోకి తీసుకుంటే పెనం తాకినట్టు కాలుతుంది. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ ఎండ అలాంటిది. ఒంట్లో ఓపిక లేని ఇలాంటి పూటల్లోనే పోశం మామ గుర్తొస్తాడు. అప్పట్లో మా అంబులెన్సుకు ఆయన డ్రైవరు. రోగి పక్కన కూర్చునే పని నాది.

నేను బడికి వెళ్లలేదు. అమ్మ దేవుడి ముందు కూర్చోబెట్టి తెలుగు నేర్పింది. పరీక్షలన్నీ ఇంట్లో చదువుకునే రాశాను. ఇంగ్లిషు మాత్రం కూడబలుక్కుని చదివేదాన్ని. ట్యాబ్ నిండా ఇంగ్లిషే. యాభై దాటాక మామ ఆ ట్యాబ్‌ని పదిమందిని అడిగి నేర్చుకున్నాడు. ఒక్కో బటన్ బొమ్మ నోట్‌బుక్కులో గీసి, పక్కన తెలుగులో అర్థం రాసుకున్నాడు. నేను పనిలో చేరిన వారానికే ఆ నోట్‌బుక్కు నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు తెలుగు చదువుతవ్ గదా బిడ్డా. మరాఠీ బడిల చదివిన మా పిల్లలకు గివన్నీ ఒట్టి గీతలే."

ఒకరోజు జివతి నుంచి ఊపిరాడని ముసలాయనను తెస్తున్నాం. పెద్దాసుపత్రిలో మంచం చెప్పి ఉంచారు. బండి కదిలాక, బయలుదేరినట్టు ట్యాబ్‌లో నొక్కాలి. నోట్‌బుక్కులో ఒక బొమ్మ పక్కన 'పోయిండు' అని ఉంది. ఊరినుంచి బయలుదేరి పోయాడనే కదా అనుకుని నొక్కేశాను.

ఆసుపత్రికి చేరాక కౌంటర్లో ఆమె మరాఠీలో అంది: "మీ పేషెంటు చనిపోయాడని వచ్చింది. మంచం వేరేవాళ్లకిచ్చేశాం."

"సచ్చినాయన నీళ్లడుగుతుండు తాయీ. ఒక్కసారి లేచొచ్చి చూడు," అన్నాడు మామ.

స్ట్రెచర్ మీద ముసలాయన మాస్కు పక్కకు లాక్కుని, "ఎవలు పోయిండ్రు?" అని అడిగాడు. నేను మాస్కు మళ్లీ సరిగ్గా పెట్టాను. ఆక్సిజన్ ముల్లు ఎర్రగీత దగ్గరికి దిగుతోంది. లోలోపల దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాను. ఇంకో మంచం దొరికేసరికి గంట పట్టింది. ఆయన బతికాడు. నేను చేసిన తప్పును దాటించి బతికించాడు దేవుడు.

నొక్కిందెవరని సూపర్‌వైజరు నిలదీశాడు. నేను నోరు తెరిచేలోపే మామ అడ్డొచ్చాడు.

"నా రాతనే సార్. రెండు తీర్ల చదువొచ్చేటట్టు రాసిన. గా పిల్లనేమనకుర్రి."

మామను వరోరా ఊళ్లో ఇంకో బండికి మార్చారు. వెళ్లేరోజు నేను ఏడుస్తుంటే విసుక్కున్నాడు.

"ఏడ్సుడేంది? ముందుగాల మనిషి చెయ్యి పట్టి చూడు. గటెన్క నొక్కు."

ఇన్నేళ్లయింది. నాడి వేలికి తగిలేదాకా, నొక్కబోయే మాట పైకి చదివేదాకా నేను దేన్నీ నొక్కను. ఎందుకింత ఆలస్యమని ఆఫీసునుంచి ఫోనొస్తుంది. రోజూ ఆ తిట్లు తింటాను. రోగి మణికట్టు మాత్రం వదలను.