మా వియ్యంకుడు సున్నం పెట్టనివ్వని పగడం

ఆదోనిలో మా వియ్యంకుడు పోయాడని నా కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఉన్నాను. నేత సగంలో వదిలి లేచాను. బస్సులో సీటు ఉన్నా కూర్చోలేక నిలబడే పోయాను. ఏడుపు రాలేదు. మా ఇద్దరి మధ్య ఒక వాదం తేలకుండా ఉండిపోయింది.

ఆయన జిన్నింగు మిల్లులో మిషన్లు చూసి రిటైరైన మనిషి. ఇంటి పడసాలలో పెద్ద అద్దాల తొట్టి పెట్టి, నీళ్లలో ఉప్పు కలిపి, సముద్రం చేసుకున్నాడు. మా వైపు తాగే నీళ్లకే కొట్లాట. నేను మొహం మీదే అనేశాను.

"ఏం బావా, ఉప్పునీళ్లకు కాపలా కాసేదానికేనా నీ బతుకు?"

"ఇంట్లో నా పెండ్లాం, మీ చెల్లెలే ఏమనదు, నీకేమొచ్చె? నువ్వు పోయి చీర నేసుకోపో."

పొద్దున లేస్తే తువ్వాలుతో తొట్టి అంచున పేరిన ఉప్పు తుడిచేవాడు. కరెంటు పోతే తినే కంచం పక్కన పెట్టి, చెంబుతో తొట్టి నీళ్లు ఎత్తి మళ్లీ అందులోనే పోసేవాడు. నీళ్లు కదలకపోతే లోపలున్న చేపలకు, పగడాలకు ఊపిరాడదట.

బెంగళూరు నుంచి తెచ్చిన రాయి ఒకటి తొట్టిలో ఉండేది. దాని మీద ఎవరూ పెట్టకుండానే గోధుమరంగు ముద్ద ఒకటి మొలిచింది. చొక్కా గుండీ అంత. చుట్టూ సన్నటి వేళ్లు ఆడిస్తుంది. అది రాతి పగడమని ఆయన. ఫోటో చూసిన రంగుచేపల దుకాణం వాడు కాదన్నాడు. అది కలుపు, పక్కవాటిని కుట్టి చంపుతుంది, సున్నం ముద్ద పెట్టి చంపెయ్యమన్నాడు. నేనూ వాడి వైపే. వక్కాకు సంచిలోంచి సున్నం డబ్బీ తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండు బావా. సంపినాక అది ఏందని యెవుర్ని అడగల్ల? తెలీకుంటే తెలీదను. సెడ్డదని మాత్రం అనాకు."

రాతి పగడమైతే కండ కింద రాయి ఉంటుందట. ముడుచుకున్నప్పుడు ఆ రాతి పళ్లు బయటపడతాయి. కలుపైతే మొత్తం బొక్కలోకి దూరిపోతుంది, ఏమీ మిగలదు. పోగులు లెక్కపెట్టే నా భూతద్దం తెమ్మన్నాడు. ఆదోని పోయినప్పుడల్లా ఇద్దరం తొట్టి ముందు మోకాళ్లు నొప్పి పుట్టేదాకా కూర్చునేవాళ్లం. అది మొండిగా విచ్చుకునే ఉండేది.

"ఒక పుల్లతో పొడువు బావా, తేలిపోతాది."

"పండుకున్నోన్ని యెవురన్నా పొడుస్తారా? దానికి బుద్ధి పుట్టినప్పుడే ముడుసుకోనీ."

అది ముడుచుకోకముందే ఆయన పోయాడు.

పెద్దదినం కర్మకు ఇల్లంతా చుట్టాలు. తొట్టి చూసుకునే ఓపిక ఎవరికీ లేదని, సాయంత్రం దుకాణం వాడు వచ్చి తీసుకుపోతాడని అల్లుడు చెప్పాడు. ఆ కలుపు మాత్రం వాడికి వద్దట, ముందే చంపి పెట్టమన్నాడట. నా కూతురు గిన్నెలో సున్నం కలుపుతోంది. నాకు కాలు నిలవలేదు. వాకిట్లోకి పోయాను, లోపలికి వచ్చాను.

"వద్దు పాపా," అన్నాను.

"నువ్వే గదా నాయనా పెట్టమనింటివి?"

అంతలో కరెంటు పోయింది. తొట్టిలో మోటారు ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. నేనే చెంబు తీసుకుని నీళ్లు ఎత్తి పోయడం మొదలుపెట్టాను. చేతకాని పని, ధార సూటిగా పోయి ఆ రాయి మీదే పడింది. ముద్ద గబుక్కున ముడుచుకుంది.

"పాపా, లైటు పట్టు!"

కూతురు ఫోన్ లైటు పట్టింది. భూతద్దం అద్దానికి ఆనించి చూశాను. కండ పలచబడిపోయింది. దాని కింద తెల్లటి రాతి పళ్లు. అంచు నుంచి నడిమికి, పడుగు పోగులు పరిచినట్టు, ఒకదాని పక్కన ఒకటి. అంత సమంగా నేను ఏ పడుగూ చేయలేదు.

"రాయే పాపా. మీ మామ సెప్పిందే నిజం."

"అట్లయితే దీని పేరేంది నాయనా?"

పేరు నాకు తెలియదు. రాతి పగడాల్లో ఏ రకమో ఆయనకూ తెలియదు. తెలుసుకోవాలనే అన్ని రోజులు కూర్చున్నాడు. గెలిచావు బావా అని చెప్పడానికి పక్కన మనిషి లేడు. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

అల్లుడు కూడా వంగి చూశాడు. దుకాణం వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. కూతురు సున్నం గిన్నె పెరట్లోకి తీసుకుపోయింది.

కరెంటు వచ్చింది, నీళ్లు కదిలాయి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ తొట్టి దగ్గరికి రాని మా చెల్లెమ్మ, ఆయన భార్య, లేచి వచ్చి అద్దం మీద అరచేయి పెట్టింది. అవతలి వైపు ఆ పగడం ఒక్కొక్క వేలే బయటికి చాపుతూ ఉంది.