బంగారయ్య రబ్బరు కప్ప

కొత్తపేటకి ఇవతల, వాడపల్లి రోడ్డు పక్కన ఒక చెరువుంది. అందులో కొరమేను పట్టినవాడే మొనగాడని ఆ చుట్టుపక్కల లెక్క. మన బంగారయ్య కొబ్బరి దింపు తీసే మనిషి. ముప్పయ్యేళ్ళుగా పొద్దున చెట్టెక్కడం, సాయంత్రం వానపాము గుచ్చి గాలం వెయ్యడం. ఇంకే చెడ్డ అలవాటూ లేదు పాపం, ఒక్క పగ తప్ప!

ఆ పగ సొంత బావమరిది వీరబాబు మీద. కిందటేడు బంగారయ్య గాలానికి మూరెడు కొరమేను పడింది. "ఉండండి బావగారూ, నేను సాయం పడతానండి" అంటూ వీరబాబు దారం చేత్తో పట్టి లాగాడు. పుటుక్కున తెగింది. సరే, పోయిందనుకున్నాడు. వారం తిరక్కుండా అదే చేపని వీరబాబు పట్టి, ఫొటో దిగి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని దవడకి బంగారయ్య గాలం ఇంకా వేలాడుతోంది! కింద ఏం రాశాడో తెలుసా? "గాలం ఎవరిదో చెప్పుకోండి చూద్దాం" అని. ఊరంతా పళ్ళికిలించింది. బంగారయ్యకి కడుపు రగిలిపోయింది. అలాంటి ఫొటో అదే గ్రూపులో తనదీ పడాలి, వీడు చూసి కుళ్ళి చావాలి. ఆ రోజు నుంచీ అదొక్కటే కోరిక.

వీరబాబు ఇప్పుడు వానపాము ముట్టుకోడు. రీలు కర్రతో రబ్బరు కప్పని ఎరగా నాచు మీదికి విసురుతాడు. ఎలాగని అడిగితే చెబుతాడేమో గానీ, అడగడమా? వాణ్ణా? చచ్చినా అడగడు. చెరువుగట్టున దింపు ఉన్నప్పుడల్లా బంగారయ్య నడుముకి మోకు బిగించుకుని, గెలల మధ్య నక్కి, కింద వాడి చేతుల్నే చూశాడు. అలా మూడు దింపులు గడిచాక గుట్టు దొరికింది. చేప కప్పని అందుకోగానే వాడు లాగడు. కప్ప పూర్తిగా మునిగేదాకా ఆగి, అప్పుడు ఈడుస్తాడు. ఓరి నీ! ఎర కదిలిందో లేదో గుంజెయ్యడమే బంగారయ్య చేతికి తెలిసింది. ఆ చేతిని మార్చుకోడానికి రాజమండ్రి నుంచి తెప్పించిన కప్పతో, ఎవరూ రాని పంటబోదె కాలవలో నెల్లాళ్ళు తంటాలు పడ్డాడు.

ఆ తరవాతి దింపులో చెట్టుమీంచి మరొకటీ చూశాడు. గుర్రపుడెక్క పక్కన నీళ్ళమీద ఎర్రటి మచ్చ కదులుతోంది. కొరమేను పిల్లల గుంపు! దాని కింద తల్లి కాపలా ఉంటుంది. పిల్లల మీదికి ఏదొచ్చినా మీదపడి కరుస్తుంది. తల్లి పోతే పిల్లలూ దక్కవు. అందుకే అలాంటి తల్లిమీద ఆ చెరువులో ఎవరూ గాలం వెయ్యరు. ఆ సంగతి బంగారయ్యకి తెలీక కాదు. 'వీడు మాత్రం నా చేపని వదిలాడా?' అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న గట్టుమీద పదిమంది ఉండగా, వీరబాబు కళ్ళెదుటే, కప్పని ఆ ఎర్రమచ్చ నడిబొడ్డున వేశాడు. నీళ్ళు భళ్ళుమన్నాయి. పళ్ళు బిగబట్టి ఆగాడు. కప్ప మునిగింది. ఒక్క ఈడ్పు ఈడ్చేసరికి మూరన్నర కొరమేను గట్టుమీద పడి దబదబా కొట్టుకుంది. పిల్లలు ఒడ్డుదాకా వచ్చి సుడి తిరుగుతున్నాయి.

వీరబాబు పరిగెత్తుకొచ్చాడు. "బావగారూ, పిల్లలున్నాయండి. వదిలెయ్యండి. మీరే గెలిచేరు. ఆయ్, ఒప్పుకుంటున్నాను కదండీ!"

ఏడాదిగా వినాలనుకున్న మాట! అయినా చాల్లేదు.

"నా చేపప్పుడు ఏమైందిరా ఈ జాలి?" అంటూ బంగారయ్య రాయితో దాని తలమీద ఒక్కటిచ్చాడు. చేప కదలడం మానేసింది. మొప్పల్లో వేళ్ళు దూర్చి పైకెత్తి, "ఫొటో తియ్యండ్రా!" అన్నాడు. పదిమందిలో ఒక్కడూ జేబులో చెయ్యి పెట్టలేదు.

చివరికి వీరబాబే ఫోను తీశాడు. "ఇలా తిరగండి బావగారూ. కాస్త నవ్వండి."

బంగారయ్య చెవులదాకా నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి ఆ ఫొటో గ్రూపులో పడనే పడింది. అతని నవ్వు, చేతిలో చేప, వెనకాల నీళ్ళలో ఎర్రగా పిల్లలు. కింద వీరబాబు ఒక్క ముక్క కూడా రాయలేదు. భార్య సత్తెమ్మ ఫోను అతని ముందు పెట్టి, చేప కోసే కత్తిపీట తీసి లోపల దాచేసింది.

"ఊరంతా చూసేరండి," అంది. "మీరు కోరుకున్నదే కదండీ."